క్లాసు మానేసినవాళ్లనూ అడగాలి

ఆదివారం పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కేవాళ్లలో ప్లాస్టిక్ కవర్లో పుస్తకాలు, అసైన్‌మెంట్ కాగితాలు చుట్టుకుని వచ్చేవాళ్లు కొందరుంటారు. గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో దిగి, బస్సు పట్టుకుని దూరవిద్య క్లాసులు జరిగే స్టడీ సెంటర్‌కు వెళ్తారు. వారమంతా రొయ్యల షెడ్డులోనో, బట్టల కొట్లోనో, అంగన్‌వాడీలోనో పనిచేసి, ఉన్న ఒక్క సెలవునూ చదువుకు ఇచ్చినవాళ్లు. ఇంత కష్టపడి వచ్చినవాళ్లకు ఆ పూట ఏం దక్కుతోంది?

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది తెలుగు నేల మీదే. దూరవిద్యలో పాఠ్యపుస్తకాలు సొంతంగా చదువుకోవడానికి వీలుగానే రాస్తారు. క్లాసు ఉన్నది అర్థంకానిది అడగడానికి. అదే పుస్తకాన్ని క్లాసు చెప్పే కౌన్సెలర్ గంటసేపు చదివి వినిపిస్తే, ఆ పని ఇంట్లోనే అయ్యేదిగా అని విద్యార్థులు బాధపడటం న్యాయమే.

క్లాసు బాగా జరిగితే ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. ఏడెనిమిది మంది బెంచీలు దగ్గరకు జరుపుకుని కూర్చుంటారు. వాడేకొద్దీ వస్తువు విలువ తగ్గే తరుగుదల లెక్క ఎవరికీ కొరుకుడు పడదు. రొయ్యల చెరువు మీద, నీళ్లలో గాలి కలిపే యంత్రం ఏరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు, ‘మా ఏరేటర్ కొన్నప్పటి ధర ఇప్పుడు పలకదు కదండీ, అదేనా?’ అంటాడు. అదే అంటూ మాస్టారు ఆ ఏరేటర్‌తోనే బోర్డు మీద లెక్క కడతారు. పదేళ్ల కిందట చదువు ఆపేసి, నోరు విప్పడానికి మొహమాటపడే అమ్మాయి కూడా అప్పుడు తన డౌటు అడుగుతుంది. ఇంట్లో ఒంటరిగా పుస్తకం ముందు కూర్చుంటే ఈ ధైర్యం రాదు.

అసైన్‌మెంట్ల సంగతీ ఇంతే. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో చాలా కోర్సులకు వీటి వాటా 30 శాతం. మార్కు ఒక్కటే వేసి తిరిగిస్తే ఎక్కడ తప్పిందో ఎలా తెలుస్తుంది? మార్జిన్‌లో రెండు ముక్కలు రాసే ట్యూటర్‌ను విద్యార్థి జన్మలో మర్చిపోడు. ట్యూటర్లూ వారమంతా కాలేజీల్లో పాఠాలు చెప్పి వచ్చేవాళ్లే. ఆ రెండు ముక్కలు రాయడానికి పట్టే సమయానికీ విశ్వవిద్యాలయాలు సరైన పారితోషికం ఇవ్వాలి.

థియరీ క్లాసులకు హాజరు సాధారణంగా తప్పనిసరి కాదు. అందుకే ఖాళీ బెంచీలు చూసి పిల్లలకు ఆసక్తి లేదని తేల్చేస్తారు. ఈ మాటను మేము ఒప్పుకోం. సెమిస్టర్ చివర, క్లాసులెలా ఉన్నాయో అడుగుతూ, పేరు రాయనక్కర్లేని ఒక పేజీ ఫారం తెలుగులో ఇవ్వండి. రెండు క్లాసులకు వచ్చి మానేసినవాళ్లకు ఫోన్ చేసైనా అడగండి. ఛార్జీలా, వేళలా, పాఠం చెప్పే తీరా, ఏది అడ్డమైందో వాళ్లకే తెలుసు. గోదావరికి వరదొచ్చి పంటు ఆగిన ఆదివారాల్లో అవతలి ఒడ్డున చిక్కుకున్నవాళ్లకు ఆ క్లాసు మళ్లీ పెట్టాలా, ఫోన్‌లో చెప్పాలా అన్నది కూడా ఆ ఫారంలో ఉండాలి.