సవరణ: ఏకవచనంలో ‘దే’ (they) కొత్తదేమీ కాదు

ఇంగ్లిష్‌లో ఆడా మగా తేడాల గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

ఒక్క మనిషిని ‘దే’ అనడం ఈ పదేళ్ల ఫ్యాషన్ అన్నాను. కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే ఉదాహరణ 1375 నాటిది. ఎవరో తెలియనప్పుడు ‘సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా’ అనడం జనానికి ఎప్పటి నుంచో అలవాటే. 18వ శతాబ్దపు వ్యాకరణ పండితులకే అది నచ్చక ‘హీ’ అనాల్సిందేనని పట్టుబట్టారు. 1850లో బ్రిటన్ పార్లమెంటు అయితే, చట్టాల్లో పుంలింగ పదాలు ఆడవాళ్లకూ వర్తిస్తాయని ఏకంగా చట్టమే చేసింది! బహువచనం ఒక్కరికి ఎలా పనికొస్తుందని వెటకారం కూడా చేశాను. ‘యూ’ కూడా ఒకప్పుడు బహువచనమే, ఒక్కరైతే ‘దౌ’ (thou) అనేవారు. రాసేటప్పుడు ఈ ముక్క తట్టనే లేదు. నిజంగా కొత్తది ఏమిటంటే, ‘హీ’, ‘షీ’ రెండూ వద్దనుకునే ఫలానా వ్యక్తిని ‘దే’ అనడం. అమెరికా నిఘంటువు సంస్థ మెరియం-వెబ్‌స్టర్ 2019లో ‘దే’ని ఆ ఏటి మాటగా ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

రెండోది, ‘మ్యాన్’కి తోక తగిలిస్తే ‘వుమన్’ అయిందన్నాను. పాత ఇంగ్లిష్‌లో ‘మన్’ అంటే మనిషి, ఆడైనా మగైనా. మగవాడు ‘వెర్’, ఆడమనిషి ‘వీఫ్‌మన్’. ఆ ‘వీఫ్‌మన్’ అరిగి ‘వుమన్’ అయింది. ‘వెర్’ ఇప్పుడు ‘వేర్‌వుల్ఫ్’ (తోడేలుగా మారే మనిషి) లాంటి ఒకటి రెండు మాటల్లోనే మిగిలింది, పాపం.

ఆ పోస్టులో ‘ఛైర్మన్’, ‘ఫైర్‌మన్’ గురించి రాసినవి మార్చలేదు.