సొరకాయకు చీజ్ పూచీకత్తు

మా ఇంట్లో సొరకాయకు ప్రవేశం లేదు. ఏడేళ్ల మా అమ్మాయి విధించిన నిషేధం అది. అప్పీలుకు అవకాశం కూడా ఉంచలేదు. పులుసులో వేస్తే ముక్కలు కంచం అంచున మిగిలేవి, పప్పులో వేస్తే పప్పే మిగిలేది. ఈ స్థితిలో, బాధ్యత గల తండ్రిగా నేను ఒక పథకం రచించాను: సొరకాయను తురిమి, చీజ్ కలిపి, పకోడీలుగా వేయించి, ఆరోగ్యాన్ని దొంగచాటుగా పిల్ల కడుపులోకి చేరవేయడం. చీజ్ పూచీ పడితే ఏ కూరగాయకైనా బెయిలు దొరుకుతుందని నా నమ్మకం.

సొరకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. మిగిలినది మర్యాద కోసం కాయ ఆకారంలో ఉంటుంది. తురుముకు ఉప్పు పట్టించి పది నిమిషాలు ఆగి, పలుచని గుడ్డలో మూటగట్టి పిండాను. గిన్నెడు తురుము గుప్పిట్లో ఒదిగిపోయింది. బజారు నుంచి చెమటలు కక్కుతూ మోసుకొచ్చింది నీళ్లనేనని అప్పుడు తెలిసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అమ్మ, "ఆ నీళ్లు పారబోయకురా, చారులో పోస్తాను" అంది. తొక్కలు కూడా ఏరుకుని వెళ్లిపోయింది. ప్రతిపక్షం ఎప్పుడూ ఇలాంటి చిల్లర విషయాలే పట్టుకుంటుంది కనుక నేను లెక్కచేయలేదు.

ఏ చీజ్ వాడాలన్నది విధానపరమైన నిర్ణయం. పనీరు కరగదు, నిమ్మరసంతో విరగ్గొట్టిన పాల నుంచి పుట్టింది కాబట్టి నూనెలో పడినా తన పట్టు వదలదు. మోజరెల్లా తీగలు సాగుతుంది కానీ, పైపూతలో చిన్న కన్నం దొరికితే చాలు, బయటపడి చిటపటలాడుతుంది. బిళ్లలుగా అమ్మే ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు, అందుకని అది బుద్ధిగా మెత్తబడుతుంది. 1911లో స్విట్జర్లాండులో ఇద్దరు దాన్ని తయారుచేసింది చీజ్ ఎక్కువ కాలం నిల్వ ఉండాలని. సొరకాయ మారువేషానికి పనికొస్తుందని పాపం వారు కలగని ఉండరు. నేను మోజరెల్లాను, దీన్ని కలిపి సంకీర్ణం ఏర్పాటు చేశాను. తురుముకు పట్టించిన ఉప్పు, చీజ్‌లోని ఉప్పు, అలవాటు కొద్దీ పిండిలో వేసిన ఉప్పు మూడూ ఒకే వేదిక మీదికి వచ్చాయని మాత్రం తరువాత తెలిసింది.

శనగపిండి, కరకరలాడడానికి కాస్త బియ్యప్పిండి, వాము. చీజ్ మాడుతుందేమోనని మంట తగ్గించాను. నూనె చల్లబడితే పకోడీ వేగదు, తాగుతుంది. మొదటి వాయి తీసి పత్రిక మీద వేస్తే కాగితం అద్దంలా మారి, అవతలి పేజీలోని వరి ధరలు చక్కగా చదవడానికి వీలైంది. సొరకాయ తేలికైన ఆహారమని కదా ఇదంతా మొదలుపెట్టింది!

అమ్మాయి ఒక పకోడీ విరిచింది. చీజ్ తీగ జానెడు సాగింది. దాన్ని వేలికి చుట్టుకుని నోట్లో పెట్టుకుని, మిగిలిన భాగంలోకి తొంగి చూసింది. సాగే దారాలు ఒక పక్కకు, సాగని దారాలు మరో పక్కకు తీయసాగింది. విమానాశ్రయంలో పెట్టెలు సోదా చేసేవారు కూడా అంత నిదానంగా పని చేయరు.

"అది సొరకాయ కాదమ్మా" అన్నాను, ఎవరూ అడగకముందే. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం గురించి మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

అమ్మాయి పళ్లెం పక్కకు జరిపి వాళ్ల నానమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది. అక్కడ వేడి అన్నంలో నెయ్యి వేసి, నువ్వులు, పచ్చిమిర్చి, చింతపండుతో నూరిన పచ్చడి కలుపుతోంది మా అమ్మ. సొరకాయ తొక్క పచ్చడి. పేరు దాచను కూడా లేదు, పైకే చెప్పింది. పిల్ల మూడో ముద్దకు నోరు తెరిచింది.

నేను వంటింట్లోకి వెళ్లి రెండో వాయికి మంట పెంచాను. పథకానికి కేటాయించిన పిండి ఇంకా అరగిన్నె మిగిలి ఉంది.