పెన్నీ పంపని సుపుత్రుడికి

చిరంజీవి అక్యుములేషన్ యూనిట్‌కు,

ఇంగ్లండులోని రెడింగ్ నుంచి, మ్యూచువల్ ఫండు యూనిట్‌వైన నిన్ను కొన్నవాడు దీవించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ జనవరి. సాయంత్రం అయిదు కాకముందే చీకటి. 31వ తేదీలోపు పన్ను రిటర్ను పంపాలి కనుక నువ్వు గుర్తొచ్చావు. మిగతా పదకొండు నెలలు నీ ఊసెత్తని మాట నిజమే.

నిన్ను తెచ్చుకున్నప్పుడు ఎంత మురిసిపోయానని! ఐసా అనే పన్ను పడని ఖాతా గదిలో ఏడాదికి 20,000 పౌండ్లకు మించి చోటివ్వరు. అది నిండాక నీకు బయట వసారాలో, అంటే పన్ను పడే మామూలు ఖాతాలో, పక్క వేశాను. అందుకోసం ఫండ్లు కొనిపెట్టి ఖాతా నడిపే ప్లాట్‌ఫాంలు ఎన్ని గాలించానో నీకు తెలియదు. ఫీజు శాతం లెక్కన అడిగేచోట నీ 80,000 పౌండ్లకు 0.45 శాతం, అంటే ఏడాదికి 360. నెలకు పది పౌండ్లు మాత్రమే తీసుకునేచోట 120. ఈ 240 పౌండ్ల ఆదా సంగతి నాలుగు ఇళ్ళ భోజనాల్లో చెప్పుకొన్నాను. నీ సొంత ఖర్చా, అంటే ఫండువారు తీసుకునేది, 0.12 శాతమే. ఉప్మాలో జీడిపప్పులు లెక్కపెట్టే మనిషిని, అన్నీ చూశాననుకున్నాను.

నీ గుణం మాత్రం చూడలేదు. మీ అన్న ఇన్‌కమ్ యూనిట్ ఆరు నెలలకోసారి ఇంటికి డబ్బు పంపుతాడు. నువ్వు వచ్చినదాన్ని వచ్చినట్లే నీలో కలిపేసుకుంటావు. పొదుపరి పిల్లాడని సంబరపడ్డాను. పన్నుల శాఖవారు మాత్రం ఆ డబ్బు నా చేతికి అందినట్లే రాసుకుంటారట! 2024-25 లెక్క విను. రెండు శాతం డివిడెండ్ అంటే 1,600 పౌండ్లు. అందులో 500 వదిలేస్తారు (2016లో ఈ మినహాయింపు 5,000 ఉండేది, కొబ్బరి చిప్ప కోరినట్లు కోరి ఇంతకు తెచ్చారు). మిగిలిన 1,100 మీద, నా జీతం శ్లాబులో, 33.75 శాతం. మొత్తం 371 పౌండ్లు, నా జీతంలోంచి. అన్నకూ ఇంతే పన్ను, కాదనను. కానీ వాడి పన్ను వాడు పంపిన డబ్బుతోనే కట్టవచ్చు.

అంతటితో వదిలావా? నిన్ను అమ్మేనాడు, నువ్వు మింగిన డివిడెండ్లన్నీ కొనుగోలు ధరకు కలుపుకోవాలి. ఆ లెక్క నువ్వు రాయవు, నేనే రాయాలి. ఏడాదికి 1,600 చొప్పున పదేళ్ళు కలపడం మరిచిపోయాననుకో, పన్ను కట్టేసిన పదహారు వేలే లాభం వేషం వేసుకుని మళ్ళీ వస్తాయి. 24 శాతం చొప్పున 3,840 పౌండ్ల వరకు. లాభం మీద మినహాయింపు 12,300 ఉన్న రోజుల్లో ఈ మతిమరుపు చాలావరకు చెల్లిపోయేది. ఇప్పుడది 3,000.

డబ్లిన్‌లో పుట్టిన నీ తమ్ముడు ఈటీఎఫ్ (షేరులా కొని అమ్మే ఫండు) నీకంటే ఘటికుడు. వాడి ఫండ్ సంవత్సరం ముగిసిన ఆరు నెలలకు, పంచకుండా ఉంచుకున్న ‘మిగులు ఆదాయం’ నాకు ముట్టినట్లట. ఎంత ముట్టిందో తెలియాలంటే ఫండ్ కంపెనీ వెబ్‌సైటులో ఏ మూలో ఉన్న పట్టిక వెతుక్కోవాలి. నా ప్లాట్‌ఫాంవారి ధ్రువపత్రంలో ఆ ముక్కే లేదు. పౌండుకు ఎన్ని సెంట్లో చూసుకుని మార్చుకునే భాగ్యం కూడా నాదే.

విజయవాడ నుంచి మా బావగారు, “ఈ గొడవంతా దేనికి? ఇక్కడ మ్యూచువల్ ఫండు కొని పడేయండి” అన్నారు. మన దేశపు ఫండ్లలో చాలావాటికి ఇక్కడి పన్నుల శాఖకు ఏటా ఆదాయం లెక్క చెప్పే ‘రిపోర్టింగ్’ హోదా లేదనీ, అమ్మితే లాభమంతా ఆదాయమైపోయి 45 శాతం వరకు పోవచ్చనీ చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “అయితే బంగారం కొనుక్కోండి” అన్నారు.

నిన్ను వెళ్ళగొట్టే మనసు లేదు. ఒకే ఫండులో అక్యుములేషన్ నుంచి ఇన్‌కమ్‌కు మారితే మామూలుగా అమ్మకం కింద లెక్క కాదట. ఆ మార్పు చేయమని నా చవక ప్లాట్‌ఫాంవారిని అడిగాను. వారి దగ్గర అలాంటి బొత్తాం లేదట. నెలకు పది పౌండ్లకు ఎన్ని బొత్తాములు వస్తాయి మరి!

అందుకే, అన్నలా బతకడం నేర్పించే మరో ప్లాట్‌ఫాంకు నిన్ను పంపుతున్నాను. ఫారం తెచ్చి ముందు పెట్టుకున్నాను. పేరు రాశాను, ఖాతా సంఖ్య రాశాను. మూడో గడిలో అడిగారు: మీ కొనుగోలు ధర ఎంత?

తెలిస్తే జవాబు రాయి.

ఇట్లు,
నీ డివిడెండ్ మొహం ఎన్నడూ చూడని తండ్రి