పాయింటుకి ఎన్ని పైసలో ముందు చెప్పండి

ఇప్పుడే ల్యాప్‌టాప్ మూసి అవతల పడేశాను. ఒళ్లు మండిపోతోంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఇంటిల్లిపాదికీ ఫ్లైట్ టికెట్లు తీద్దామని కూర్చున్నాను. క్రెడిట్ కార్డులో రివార్డు పాయింట్లు దాచుకున్నాం కదా, ఇలాంటి రోజుకే కదా అని ధీమా. బ్యాంకు వాళ్ల పోర్టల్‌లోకి వెళ్తే అదే విమానం, అదే టైము, ఎయిర్‌లైన్ సైట్‌లో కంటే తలకి నాలుగొందలు ఎక్కువ. పోనీలే అనుకున్నా. కిందకి వెళ్తే చిన్న అక్షరాలు: పాయింట్లు బేస్ ఫేర్‌కి, అంటే అసలు టికెట్ ధరకి మాత్రమే, ట్యాక్సులూ ఫీజులూ తమరే కట్టుకోవాలి. ఆపైన పాయింట్లు వాడుకున్నందుకు 99 రూపాయలు, దాని మీద జీఎస్టీ. నా పాయింట్లు నేను వాడుకోవడానికి నేనే ఎదురు కట్టాలి! అన్నిటికీ తలూపి ఓటీపీ కొట్టేసరికి సెషన్ ముగిసింది అన్నాడు. మళ్లీ లాగిన్ అయ్యేసరికి రేటు ఇంకో మెట్టు ఎక్కింది.

కస్టమర్ కేర్ అమ్మాయికి ఫోన్ చేస్తే "పండగ సీజన్ కదండీ" అంది. అవునమ్మా, పండగ సీజనే. పండక్కి కాకపోతే మేము విమానం ఎప్పుడెక్కుతాం? ఆషాఢంలోనా?

ఇక మన రీల్స్ గురువులున్నారు. "ఈ ఒక్క కార్డు తీసుకోండి, జీవితంలో ఫ్లైట్ టికెట్ కొనక్కర్లేదు" అంటాడు ఒకాయన. కింద లింకు. ఆ లింకు నొక్కి కార్డు తీసుకుంటే కమీషన్ ఎవరికొస్తుందో వేరే చెప్పాలా? వాళ్లు లక్ష పాయింట్లు అంటారు, ఎయిర్‌లైన్ వాళ్ల పాయింట్లైన మైళ్లు అంటారు, ఎయిర్‌పోర్ట్‌లో ఊరికే కూర్చుని తినే లౌంజ్ అంటారు. ఒక్కడంటే ఒక్కడు పాయింటుకి ఎన్ని పైసలో చెప్పడు.

నేను చెప్తా వినండి. 150 రూపాయలు ఖర్చు పెడితే 4 పాయింట్లు అంటే ఘనంగా వినిపిస్తుంది. పాయింటు విలువ 25 పైసలు అనుకోండి. 150కి చేతికొచ్చేది అక్షరాలా ఒక్క రూపాయి. ఆరు వేల టికెట్ "ఫ్రీ"గా రావాలంటే మీరు తొమ్మిది లక్షలు గీకాలి. ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే మామూలు కార్డు మీద ఆ తొమ్మిది లక్షలే ఖర్చు పెడితే తొమ్మిది వేలు వచ్చేవి. నోరు మూసుకుని వచ్చేవి. పోర్టలూ లేదు, సెషనూ లేదు, ఏ సైట్‌లో చవకుంటే అక్కడ కొనుక్కోవచ్చు.

పైగా ఆ పాయింట్లైనా అన్నిటికీ వస్తాయా? చాలా కార్డుల్లో ఇంటద్దెకి రావు, వాలెట్‌లో డబ్బు వేస్తే రావు, పెట్రోలుకి రావు, ప్రభుత్వానికి కట్టే వాటికి రావు. మరి మనలాంటి వాళ్ల జీతం పోయేది దేనికి? వారం వారం ఫైవ్ స్టార్ హోటల్లో భోజనం చేసేవాడికి డబుల్ పాయింట్లట. వాడికి చవక టికెట్ అవసరమా అసలు?

ఇది చెప్తే బ్యాంకు కుర్రాడు "సార్, మీరు ప్రీమియం కార్డుకి మారాలి" అంటాడు. అందులో పాయింటు రూపాయి దాకా పలుకుతుంది, నిజమే. ఫీజు 12,500. జీఎస్టీ 18 శాతం కలిపితే 14,750. ఆఫ్ సీజన్‌లో ముందుగా తీసుకుంటే ఆ డబ్బుతో నేనూ మా ఆవిడా వైజాగ్ వెళ్లొచ్చేస్తాం, ఏ కార్డూ లేకుండా. ఏడాదికి 10 లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ అంటాడు మళ్లీ. ఆ రూపాయి విలువైనా వాళ్ల పోర్టల్‌లోనే, అదీ టికెట్ మొత్తంలో 70 శాతం దాకానే అని మెలిక పెట్టినవి కూడా ఉన్నాయి. డబ్బు రూపంలో ఇవ్వమంటే అదే పాయింటు 30 పైసలకి దిగిపోతుంది. ఆఫీసు ఖర్చు మీద నెలకి నాలుగుసార్లు ఢిల్లీ, ముంబై ఎగిరేవాళ్లకి ఇవన్నీ గిట్టుబాటు అవుతాయి, కాదనను. అలాంటి వాళ్లు ఈ పోస్ట్ చదవకండి, మీ లౌంజ్‌లో మీరు కూర్చోండి.

లౌంజ్ అంటే గుర్తొచ్చింది. రెండు రూపాయలు గీకి లోపలికెళ్లి చల్లారిన ఇడ్లీ తినడానికి శంషాబాద్‌లో ఆ క్యూ చూశారా ఎప్పుడైనా? మంగళవారం సంత నయం. అది కూడా ఇప్పుడు ఊరికే రావడం లేదు. ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే అని షరతులు పెట్టేశారు చాలా బ్యాంకుల వాళ్లు. యాభై వేలు ఖర్చు పెడితే ఉప్మా ఉచితం!

సరే, బ్యాంకు పాయింట్లు వద్దు, ఎయిర్‌లైన్ పేరుతో వచ్చే కో-బ్రాండెడ్ కార్డు తీసుకో, నేరుగా మైళ్లు వస్తాయి అన్నాడు ఇంకో మేధావి. మన దేశంలో ఎయిర్‌లైన్‌ని నమ్ముకుని మైళ్లు దాచుకోవాలా? కింగ్‌ఫిషర్ 2012లో నేల మీద కూర్చుంది, లేవలేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరిసారి ఎగిరింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. విస్తారా బాగుందిరా అనుకునేలోపు 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. పాయింట్లు అటు మార్చారు, బాగానే ఉంది. కానీ టికెట్ వోచర్లు వస్తాయని ఆ పేరు చూసి కార్డు తీసుకున్నవాళ్లు ఇప్పుడేం చేయాలి? కార్డుని ఫ్రేమ్ కట్టించుకోవాలా?

డల్లాస్‌లో ఉన్న మా ఆవిడ కజిన్ అయితే మరీను. "కొత్త కార్డు తీసుకుంటే ఇచ్చే ఒక్క వెల్‌కమ్ బోనస్‌తో ఇండియా వచ్చాను బావగారూ, మీరెందుకు ప్లాన్ చేసుకోరు?" అంటాడు. అబ్బాయీ, అక్కడ స్వైప్‌కి దుకాణం వాడి దగ్గర బ్యాంకులు లాగే కమీషన్ వేరు, అక్కడి బోనస్‌లు వేరు. ఇక్కడ కిరాణా కొట్లో కార్డు తీస్తే మనిషిని పురుగుని చూసినట్టు చూసి క్యూఆర్ కోడ్ చూపిస్తాడు. నేను అక్కడికొచ్చి నా కార్డు గీకితే, డాలర్లలో ఖర్చు పెట్టినందుకు బ్యాంకు వేసే ఫారెక్స్ మార్కప్ మూడున్నర శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ, మొత్తం 4.13 శాతం పోతుంది. పాయింట్లుగా వచ్చేది ముప్పావు శాతం కూడా కాదు. ఇదీ మా ప్లానింగ్.

కానీ అసలు మంట వేరే ఉంది. ఆపుకుందామనే అనుకున్నాను. ఇందాక ఫ్యామిలీ గ్రూప్‌లో మా తోడల్లుడు ఫొటో పెట్టాడు. సింగపూర్ ఎయిర్‌పోర్ట్, చేతిలో కాఫీ, కింద "జీరో టికెట్ కాస్ట్. స్మార్ట్‌గా ఖర్చు పెట్టడం నేర్చుకోవాలి". మా ఆవిడ అది నా కళ్ల ముందు పెట్టి "మా బావగారిని చూసి నేర్చుకోండి" అంది.

ఆ పాయింట్లు ఎక్కడివో మా వాళ్లందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మా మరదలి పెళ్లిలో ఆయన "అన్నీ నా కార్డు మీద పెట్టేస్తా, మీరు నాకు ఫోన్‌పే చేసేయండి, మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నారంతా. ఫంక్షన్ హాలు, డెకరేషన్, క్యాటరింగ్, ఫొటోలవాడు, చివరికి మేళం వాళ్లకి కూడా కార్డు తీసుకుంటారా అని అడిగాడు. హాలు ఓనర్ కార్డైతే రెండు శాతం అదనం అన్నాడు. ఆ రెండు శాతాన్ని కూడా లెక్కేసి, ఎక్సెల్ షీట్ చేసి మా అందరికీ పంచాడు మహానుభావుడు. అదనం మాకు, పాయింట్లు ఆయనకి. మామగారు పాపం పొలం కౌలు డబ్బులు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. బిల్లు గడువు ఇంకా రాకముందే అందరి దగ్గరా వసూలు అయిపోయింది. ఇప్పుడాయన నాకు ఆర్థిక క్రమశిక్షణ నేర్పిస్తాడు.

అడిగితే అల్పుణ్ణవుతాను. "పాయింట్ల దగ్గర కూడానా?" అంటుంది మా ఆవిడ. మరి మూడున్నర శాతం నెలవారీ వడ్డీ, అంటే ఏడాదికి 42 శాతం, పడకుండా గడువులోపు ఆ బిల్లు తీరింది ఎవరి డబ్బుతో?

ఏ కార్డు మంచిదని దయచేసి నన్ను ఇన్‌బాక్స్‌లో అడగకండి. ఫీజు లేనిది, క్యాష్‌బ్యాక్ నేరుగా బిల్లులో తగ్గించేది ఏదైనా తీసుకోండి, టికెట్ ఎయిర్‌లైన్ సైట్‌లోనే కొనండి, బిల్లు మొత్తం కట్టండి. దీనికి గురువులు అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని మన ఫోన్‌లో మనమే టైపు చేసుకున్నందుకు మనిషికింత అని కన్వీనియన్స్ ఫీజు ఎలాగూ వేస్తారు, దాని గురించి ఇంకో రోజు తిట్టుకుందాం.

మామగారి షష్టిపూర్తి దగ్గర పడుతోంది. తోడల్లుడుగారు నిన్నే గ్రూప్‌లో "హాలు అడ్వాన్స్ నేను చూసుకుంటా" అని బొటనవేలు పెట్టాడు. ఈ పూటే ఆ హాలు ఓనర్‌కి నేను నేరుగా యూపీఐ చేసేశాను, రెండు శాతం అదనం లేకుండా. రసీదు గ్రూప్‌లో పెట్టాను. బ్లూ టిక్కులు పడ్డాయి, సింగపూర్ నుంచి ఇంకా సమాధానం రాలేదు.