పన్నెండు చుట్ల నేరం

కాలిఫోర్నియాలో చట్టానికి భయపడి బతికే మనిషిగా మొన్న ఆదివారం మా ఇంట్లో మరలున్న, అంటే స్క్రూలా తిప్పి బిగించే వస్తువులన్నీ లెక్కపెట్టాను. ఆవకాయ పెట్టుకున్న హార్లిక్స్ సీసా ఒకటి. కొళాయి, బల్బులు, పిల్లల నీళ్ళ సీసాలు, కుక్కర్ పిడి ఊడిపోకుండా బిగించిన స్క్రూ. వీటిలో దేనికీ జైలు లేదని తేలాక స్థిమితంగా కాఫీ తాగాను. నా కంగారుకు కారణం ఉంది. మనిషిలో హింస ఎక్కడ పుడుతుందో ఈ రాష్ట్ర శాసనకర్తలు ఎప్పుడో కనిపెట్టేశారు. పిస్తోలు బ్యారెల్, అంటే తూటా బయటికొచ్చే గొట్టం, దాని కొసన చెక్కిన మరల్లో పుడుతుందట.

వెటకారం కాదండీ, శిక్షాస్మృతి 30515వ సెక్షన్. ఈ రూలును 1999లో చేసి, 2000 జనవరి 1 నుంచి అమల్లో పెట్టారు. సెమీ ఆటోమేటిక్ పిస్తోలుకు, అంటే ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక తూటా పేల్చి తర్వాతది తనంతట తానే ఎక్కించుకునేదానికి, ఊడదీసి మార్చుకునే మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఉండి, బ్యారెల్ కొసన మరలు కూడా ఉంటే దాన్ని 'అసాల్ట్ వెపన్', అంటే దాడి ఆయుధం అంటారు. మరలు లేకపోతే అదే కంపెనీ, అదే తూటా, అదే ట్రిగ్గరు ఉన్న తుపాకీని పది రౌండ్ల మ్యాగజైన్‌తో నిక్షేపంలా ఇంట్లో పెట్టుకోవచ్చు. మరలున్నదాన్ని పొరుగు రాష్ట్రం నుంచి తెస్తే నాలుగు, ఆరు లేదా ఎనిమిదేళ్ళు. 9 ఎంఎం బ్యారెళ్ళకు మామూలుగా అంగుళానికి 28 చుట్ల చొప్పున మర కోస్తారు. కొసన ఉండే జాగా అర అంగుళం లోపే కాబట్టి పన్నెండు చుట్లు అనుకుందాం. ఎనిమిదేళ్ళంటే 96 నెలలు. చుట్టుకు ఎనిమిది నెలలు పడింది. బంగారం కొట్లో తరుగు కూడా ఇంత పద్ధతిగా కట్టరు.

ఏలినవారి ఆలోచనను తీసిపారేయలేం. ఆ మరలకు చప్పుడు తగ్గించే సైలెన్సర్ బిగించవచ్చు, మంట కనబడకుండా చేసే ఫ్లాష్ సప్రెసర్ బిగించవచ్చు. నిజమే. కాకపోతే మామూలు జనానికి సైలెన్సర్ ఈ రాష్ట్రంలో ఎటూ నిషేధమే. 1995లో మన దగ్గర మద్యనిషేధం పెట్టినప్పుడు, ఇంట్లో గాజు గ్లాసులున్నవాణ్ణి కూడా పట్టుకుందామని అప్పట్లో ఎవరికీ తట్టలేదు. మనవాళ్ళు ఆ మాత్రం వెనకబడే ఉన్నారు.

అదే సెక్షన్‌లో ఇంకో ముచ్చట ఉంది. ఆ మరలకు బిగించగల వస్తువుల జాబితాలో 'ముందు పిడి' అని కూడా రాశారు. పట్టుకోవడానికి పిడి. తూటా బయటికి దూసుకొచ్చే చోట. అక్కడ చెయ్యి పెట్టి పట్టుకునే మహానుభావుణ్ణి ఆపడానికి చట్టం అక్కర్లేదు, వాడు ఒక్కసారికే ఆగుతాడు. ఈ మాట వీళ్ళ సొంతం కూడా కాదు, 1994 నాటి అమెరికా కేంద్ర నిషేధంలోనే ఉంది. ఆ నిషేధం పదేళ్ళకు, 2004లో కాలం చేసింది. పిడి మాత్రం ఇక్కడ క్షేమంగా ఉంది.

ఈ మర సిద్ధాంతాన్ని తుపాకులకు వర్తింపజేసిన తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. డబ్బాల మీద గురి నేర్చుకునే చిన్న .22 పిస్తోలుకు మరలుంటే అసాల్ట్ వెపన్. అదే .22 రిమ్‌ఫైర్ తూటా (అడుగు అంచు మీద దెబ్బ తగిలి పేలేది) పేల్చే రైఫిల్‌కు మరలున్నా ఫరవాలేదు, రైఫిల్ దగ్గర చట్టం సెంటర్‌ఫైర్ వాటినే, అంటే అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే తూటాల వాటినే పట్టించుకుంటుంది. ఇక చెయ్యి అదిరిపోయే .44 మాగ్నమ్ రివాల్వర్‌కు మరలు కోయించుకున్నా ఈ సెక్షన్ కన్నెత్తి చూడదు, ఎందుకంటే అది సెమీ ఆటోమేటిక్ కాదు. చీమకు సంకెళ్ళు, ఏనుగుకు మర్యాదలు.

న్యూజెర్సీ వాళ్ళది కొంచెం ఉదార స్వభావం. అక్కడ ఒక్క మర ఉంటే సరిపోదు, పిస్తోలు నేరస్థురాలు కావాలంటే రెండు లక్షణాలు కలవాలి. వాటిలో ఒకటి బరువు. ఖాళీ పిస్తోలు 50 ఔన్సులు, అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు తూగితే ఒక మార్కు పడిపోయినట్టే. ఎడిసన్‌లో ఉండే మనవాళ్ళు తక్కెడ ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది.

అటు తుపాకీ ప్రియులు తక్కువ తిన్నారా? వాళ్ళూ మరను దేవుణ్ణి చేసేశారు. ఆ మరల మీద ఉండే రింగు చూశారో లేదో, బొటనవేలి చివరంత ఉంటుంది, జారకుండా చుట్టూ గీతలు కొట్టి, కొందరివి బంగారు రంగులో మెరుస్తూ ఉంటాయి. సైలెన్సర్ ఏనాడూ కొనరు, కొనే ఉద్దేశమూ ఉండదు. కానీ ఆ రింగు లేని పిస్తోలు వాళ్ళకు బోసి మెడలా కనిపిస్తుంది. ఎవరైనా దాని జోలికొస్తే తుపాకీ హక్కు చెప్పే రాజ్యాంగం రెండో సవరణ, నియంతృత్వం, జార్జి వాషింగ్టన్ అన్నీ బయటికొస్తాయి. ఇంకొందరు మరల మీద ఒక ఇనప ముక్క బిగించి, పిన్ను దించి, పైన వెల్డింగ్ కొట్టించి తిప్పుతారు. ఊడదీయడానికి లేకుండా మర కనుమరుగైపోయింది కాబట్టి హింస కూడా అందులోనే సమాధి అయినట్టు లెక్క. వెల్డింగ్ షాపులో ఇంత తేలిగ్గా పాపవిమోచనం దొరుకుతుందని తెలిస్తే గోదావరి పుష్కరాలకు అంత తొక్కిసలాట ఉండేది కాదు.

అసలు కేంద్ర చట్టం దృష్టిలో బ్యారెల్ తుపాకీయే కాదు. మిగతా భాగాలన్నీ బిగించే చట్రం, ఫ్రేము ఒక్కటే తుపాకీ. బ్యారెల్ ఒక స్పేరు పార్టు, ఫోన్ కవర్ తెప్పించుకున్నట్టు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. దీని మీద కాలిఫోర్నియా 2025లో ఇంకో చట్టం చేసింది. 2027 జూలై 1 నుంచి బ్యారెల్ కావాలంటే లైసెన్సున్న డీలర్ దగ్గరికి స్వయంగా వెళ్ళాల్సిందే. ఇందులో కొంత తెలివి ఉందని ఒప్పుకోవాలి. ఫ్రేమును ఇంట్లో త్రీడీ ప్రింటర్ మీద అచ్చు వేసుకునే రోజులివి, ఉక్కు బ్యారెల్ అంత తేలిగ్గా అచ్చు పడదు. తెలివైన పని చేసినందుకు నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది, వ్యాసానికి పనికిరాదు.

నాకు ఈ మర జ్ఞానమంతా మా బావమరిది పుణ్యం. హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్ళు కొనడానికి రూల్స్ అడ్డం కాబట్టి, గ్రీన్‌కార్డు వచ్చిన సంబరంలో హ్యూస్టన్‌లో పిస్తోలు కొన్నాడు. బాగుంటుందని మరలున్న బ్యారెల్ వేయించాడు. పోయిన వేసవిలో ఇర్వైన్‌లో ఉద్యోగం వచ్చి, సామానుతో కార్లో బయల్దేరాడు. ఆరిజోనా దాటబోయే ముందు క్వార్ట్‌సైట్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆగి ఫోన్ చేశాడు.

"బావా, ఇప్పుడే ఫోన్లో ఏదో చదివాను. టెన్షన్‌గా ఉంది. ఆ బ్యారెల్ గురించి."

"పాత బ్యారెల్ ఉందా?"

"డబ్బాలోనే ఉంది."

"అది వేసెయ్. మరలున్నదాన్ని, ఆ పదిహేడు రౌండ్ల మ్యాగజైన్లను ఫీనిక్స్‌లో మీ ఫ్రెండు దగ్గర పడేసి రా. పిస్తోలు ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో డిక్కీలో పెట్టు. వచ్చాక 60 రోజుల్లో పిస్తోలు తెచ్చానని ఫారం నింపాలి."

ఫీనిక్స్ అంటే రెండు గంటలు వెనక్కి. వెనకనుంచి మా చెల్లెమ్మ గొంతు వినబడింది. "ఏవండీ, ఆ ఇనప ముక్క కోసం పోనూ రానూ నాలుగు గంటలా?" బ్యారెల్ మార్చడానికి పట్టింది మాత్రం అర నిమిషం. స్లైడు తీశాడు, స్ప్రింగు తీశాడు, ఒకటి తీసి ఇంకొకటి పెట్టాడు. అసాల్ట్ వెపన్ అక్కడికక్కడే సాధుజంతువైపోయింది.

సాయంత్రానికి బ్లైత్ దగ్గర సరిహద్దు తనిఖీ కేంద్రానికి చేరారు. అది వ్యవసాయశాఖ వాళ్ళది. డిక్కీలో పెట్టె గురించి ఎవరూ అడగలేదు. "పండ్లు, మొక్కలు ఏమైనా ఉన్నాయా?" అన్నారు. చెల్లెమ్మ ఒళ్ళో కుండీ ఉంది, దాంట్లో కరివేపాకు మొక్క. వాళ్ళ వదిన ఏడాదిగా అడుగుతుంటే హ్యూస్టన్ నుంచి ఎండ తగలకుండా మోసుకొచ్చింది. కరివేపాకు మీద ఒక పురుగు వాలుతుంది, ఆ పురుగు నారింజ, నిమ్మ తోటలకు తెగులు అంటిస్తుంది, అందుకని టెక్సాస్ మొక్కలు లోపలికి రాకూడదు. ఆఫీసరు చేతులకు గ్లవ్స్ వేసుకుని, మొక్కను సంచిలోకి దించి, మూతి కట్టి తీసుకుపోయాడు. 

ఆ సంగతి మా ఆవిడకు నేనే చెప్పాల్సొచ్చింది.

"తుపాకీ వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"కరివేపాకు?"

"రాలేదు."

కాసేపు నా మొహంలోకి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట పప్పులో తాలింపు ఆవాలు, ఎండుమిరపకాయలతోనే సరిపెట్టింది.