పడవను నీళ్లకు దూరంగా ఉంచండి

పాత తెరచాప పడవ కొని బాగుచేసుకుంటున్న మనిషి కనబడితే చాలు, లోకం ఒకటే ప్రశ్న వేస్తుంది: "నీళ్లలోకి ఎప్పుడు దింపుతున్నారు?" పెళ్లయిన నెలకే "ఏమైనా విశేషమా?" అని ఆరా తీసే చుట్టాలకూ వీళ్లకూ తేడా లేదు. అసలు దింపాలని ఎవరన్నారు? పడవను బాగుచేయడం వేరు, నడపడం వేరు. మొదటిది తపస్సు, రెండోది తిరుగుడు. పైగా రెండోది మొదటిదానికి బద్ధశత్రువు. ఉప్పుగాలి తగలని వైరు నల్లబడదు. ఎండ తగలని తెరచాప చిరగదు. బయల్దేరని ఇంజన్ నడిసముద్రంలో ఆగిపోదు. ఇంత తేటతెల్లమైన సంగతి తెలిసీ ఇంకా సముద్రం వైపు చూసేవాళ్లున్నారంటే, వాళ్లకు మరమ్మతు మీద గౌరవం లేదనే అనుకోవాలి.

డెక్, అంటే పడవ పైన మనం నడిచే తలం, దాని సంగతే తీసుకుందాం. 1960లు, 70లలో కట్టిన ఫైబర్‌గ్లాస్ పడవల అడుగుభాగం చాలావరకు గట్టిదే. ఆ రోజుల్లో ఈ కొత్త సరుకు ఎంత తట్టుకుంటుందో పూర్తిగా తేలక, కట్టినవాళ్లు ధారాళంగా మందం వేసేశారు. డెక్ అలా కాదు. బరువు తక్కువుండాలి, కాలు వేస్తే వంగకూడదు. అందుకని పైనొక ఫైబర్‌గ్లాస్ పొర, కిందొక పొర, మధ్యలో తేలికైన బాల్సా చెక్క. పొడిగా ఉన్నన్నాళ్లు దీన్ని మించింది లేదు. తడిసిందా, పైన పటారం, లోన లొటారం. ఆ తడి ఎక్కణ్నుంచి వస్తుందంటే, డెక్ మీద బిగించిన ప్రతి వస్తువు కిందనుంచీ వస్తుంది. అంచున కమ్మీలు నిలబెట్టే కడ్డీలు, తాళ్లు చుట్టే కొక్కేలు, కిటికీ చట్రాలు, అన్నిటికీ బోల్టులున్నాయి. బోల్టుకో బెజ్జం ఉంది. బెజ్జంలో నీళ్లు దిగకుండా ఎప్పుడో పూసిన సీలెంట్ ఎండి పెచ్చులూడిపోయింది.

ఇది చాలదన్నట్టు కొందరు తయారీదారులు అందం కోసం పైన టేకు పట్టీలు పరిచి, వాటిని వందలకొద్దీ స్క్రూలతో బిగించారు. అంటే నీళ్లు దిగకూడని చోట పనిగట్టుకుని వందల బెజ్జాలు పెట్టి, అందుకు అదనంగా డబ్బు కూడా తీసుకున్నారు. ఆ వ్యాపార తెలివికి దండం పెట్టాల్సిందే.

తడిని కనిపెట్టే విధానం చూడముచ్చటగా ఉంటుంది. యజమాని మోకాళ్ల మీద కూర్చుని ప్లాస్టిక్ సుత్తితో డెక్‌ను అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళతాడు. బాగున్నచోట 'టక్' అంటుంది. కుళ్లినచోట 'దబ్' అంటుంది. 'దబ్' అన్నచోటల్లా పెన్సిల్‌తో గీత. పొద్దున చిన్న మచ్చ దగ్గర మొదలైన గీత సాయంత్రానికి తెరచాప కొయ్య చుట్టూ తిరిగొచ్చి తన మొదలునే కలుసుకుంటుంది. ఇక పై పొర కోసి తీయాలి. లోపల చెక్క ఉండదు, కాఫీరంగు ముద్ద ఉంటుంది. పిడికిట్లో పిండితే నీళ్లు కారతాయి. దాన్నంతా గీకేసి, ఆరబెట్టి, కొత్త బాల్సానో ఫోమో ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి, పై పొర మళ్లీ వేసి, నున్నగా అరగదీయాలి. అప్పుడు లేచే గాజుపొడి చొక్కాలో దూరి పెట్టే దురద గురించి రాయను. రాస్తే చదివేవాళ్లు కూడా గోక్కోవాల్సి వస్తుంది.

తర్వాత బోల్టు. కావలసినదానికన్నా పెద్ద బెజ్జం వేసి, చుట్టూ చెక్కను కాస్త తొలిచి, చిక్కటి ఎపాక్సీతో పూడ్చి, అది గట్టిపడ్డాక దాని నడుమ అసలు బెజ్జం వేయాలి. అప్పుడు సీలెంట్ పోయి నీళ్లు దిగినా చెక్కను తాకవు. వేసిన బెజ్జాన్నే పూడ్చి మళ్లీ వేయడమంటే వేళాకోళంలా వినిపిస్తుంది గానీ, నిజంగా ఇదే మంచి పద్ధతి. కట్టినప్పుడే ఇలా చేసి ఉంటే ఈ వ్యాసం సగానికి తగ్గేది.

ఇక పాత బోల్టు ఊడదీయడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. పైన స్క్రూడ్రైవర్‌తో ఒకరుండాలి, కింద స్పానర్‌తో ఒకరుండాలి. కింద ఉండే మనిషి ఎప్పుడూ భార్యే. ఆ ఇరుకు అల్మారాలో పట్టే ఒడ్డూ పొడుగూ ఆవిడదేనని మొగుడు ముందే తేల్చేసి ఉంటాడు.

"పట్టుకున్నావా?"

"దేన్ని?"

"నట్టుని!"

"ఇక్కడ నట్టు లేదండీ. చెక్క ఉంది."

"చెక్క వెనకాల చూడు."

"చెక్క వెనకాల చూడాలంటే ముందు చెక్క ఉండకూడదు కదండీ!"

ఆవిడ చెప్పిందే నిజం. కట్టినవాళ్లు నట్టు బిగించాక, ఇక దాంతో ఎవరికీ పని పడదనుకుని, దానిమీద లోపలి పలక అతికేశారు. పలక తీస్తే వెనక ఒక వైరు. తీగ లాగితే డొంకంతా కదలడం ఉత్త సామెత అనుకునేవాళ్లు పాత పడవలో ఆ వైరు ఒక్కసారి లాగి చూడాలి.

ఇక్కడే మనకు పాత ఓనరు పరిచయమవుతాడు. ప్రతి పడవకూ ఒక పాత ఓనరుంటాడు, ప్రతి తప్పూ అతనిదే. ప్లస్సుకీ మైనస్సుకీ ఎర్ర వైరే వాడింది అతనే. ఇంట్లో బల్బుకు వాడే వైరు తెచ్చి, కొసలు మెలిపెట్టి, టేపు చుట్టి దేవుడి మీద భారం వేసింది అతనే. పడవలో తగరం పూత ఉన్న రాగి వైరు వాడాలి. పూత లేని రాగి తేమకూ ఉప్పుకూ తొడుగు లోపలే నల్లబడి, ఉన్న 12 వోల్టుల్లో కొంత దారిలోనే మింగేస్తుంది. దీపం మినుకుమినుకుమంటుంది, తిట్లు మాత్రం బ్యాటరీకి పడతాయి. అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఎక్కడికి పోతుందో తెలియని వైరు. దాన్ని కోస్తే ఏదీ ఆగదు. ఏదో ఒకటి ఆగితే మనసు కుదుటపడేది. పాత ఓనరును నోరారా తిట్టుకుని, మనం మాత్రం కొత్త వైర్లకు లేబుళ్లు అంటించకుండానే పలక మూసేస్తాం. రేపు మన పడవ కొనేవాడికీ తిట్టుకోవడానికి ఒకరుండాలి కదా.

వైరింగ్ ఎలాగూ తీశాం కనక బ్యాటరీలూ మార్చేద్దాం అనిపిస్తుంది. ఈ 'ఎలాగూ' అన్న మాటతోనే పడవలు ఒడ్డున పెట్టి బాగుచేసుకునే యార్డులన్నీ బతుకుతున్నాయి. పాత లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. పెట్టేశాం. అది ఎంత కరెంటిస్తే అంత తాగుతుంది, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా ఇచ్చి వేడెక్కి మాడిపోతుంది. కాబట్టి దానికి కొత్త రెగ్యులేటరో, మధ్యలో ఇంకో చార్జరో కావాలి. ఎలాగూ ఇంత ఖర్చయింది, సోలార్ పలకలు పెడితే ఇంజన్‌తో పని తగ్గుతుంది. పలకలు పెట్టాలంటే వెనకవైపు స్టీలు చట్రం నిలబెట్టాలి. చట్రానికి కాళ్లుంటాయి. కాళ్లకు బోల్టులుంటాయి. బోల్టులకు బెజ్జాలు కావాలి. ఎక్కడ? మొన్ననే నున్నగా అరగదీసి రంగేసిన డెక్‌లో.

ఇన్ని చేసినవాడు ఒక్కదాని జోలికి మాత్రం పోడు. పడవ అడుగున, నీటిమట్టానికి కింద, సింకుకూ మరుగుదొడ్డికీ ఇంజన్ చల్లబరచడానికీ పెట్టిన బెజ్జాలుంటాయి. వాటికి బిగించిన కవాటాలే సీకాకులు. వాటిలో కొన్ని మామూలు ఇత్తడివి. ఇత్తడిలో జింకు ఉంటుంది, ఉప్పునీళ్లలో అది మెల్లగా కరిగిపోతుంది. మిగిలేది గులాబీరంగు తిరిగిన డొల్ల రాగి, గట్టిగా తంతే విరుగుతుంది. కంచుది వేయాలి. అడుగున 38 మిల్లీమీటర్ల బెజ్జం తెరుచుకుంటే నిమిషానికి 100 లీటర్లకు పైగా నీళ్లు లోపలికొస్తాయి. అయినా దీనికి గిరాకీ లేదు. దీనికి తెర లేదు, లైట్లు వెలగవు, ఫొటో తీసి స్నేహితులకు పంపితే ఎవరూ మెచ్చుకోరు. పడవ కింద ఎంత లోతు నీళ్లున్నాయో చూపించే రంగుల తెర ఇప్పటికే కొనేశాం. పడవ లోపల ఎంత లోతున్నాయో చెప్పడానికి తడిసిన సాక్సులున్నాయి. ప్రతి సీకాకు పక్కనా దాని సైజుకు సరిపడే చెక్క బిరడా కట్టి ఉంచాలని పెద్దలు చెబుతారు. ఇంత డబ్బు పోసిన పడవలో చెక్క బిరడానా, పరువు పోదూ!

(మరుగుదొడ్డి గొట్టాల గురించి ఒకే మాట. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో గొట్టాన్ని తుడిచి, గుడ్డను దూరంగా తీసుకెళ్లి వాసన చూడండి. వాసనొస్తే గొట్టం మార్చాలి. భోజనం చేస్తూ చదివేవాళ్లుంటారు, ఇంతకన్నా రాయను.)

పడవను నీళ్లకు దూరంగా ఉంచే మన ఉద్యమానికి చరిత్రలో ద్రోహులు లేకపోలేదు. మొదటివాడు జోషువా స్లోకమ్. పొలంలో కుళ్లిపోతున్న స్ప్రే అనే పాత పడవను తెలిసినవాడొకడు ఇస్తే, స్వయంగా కొత్త చెక్కతో కట్టుకున్నాడు. సామాన్లకు అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పట్టిన కాలం 13 నెలలు. 13 నెలలకే పని ఆపేసి నీళ్లలో దింపాడంటే ఎంత ఓపిక లేనివాడో చూడండి! 1895లో అమెరికాలోని బోస్టన్ నుంచి బయల్దేరి, 46,000 మైళ్లు తిరిగి, 1898లో న్యూపోర్ట్ చేరాడు. ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టి వచ్చిన మొదటి మనిషి అతనే. టైము చూసుకోవడానికి, అద్దం పగిలిందని బేరమాడి డాలరుకు కొన్న రేకు గడియారం. ఇక సెక్యూరిటీ సిస్టమ్: దక్షిణ అమెరికా కొసన మెగెల్లాన్ జలసంధి దగ్గర దొంగల భయముండి, పడుకునే ముందు డెక్ మీద తివాచీ మేకులు చల్లాడు. అర్ధరాత్రి చెప్పుల్లేకుండా ఎక్కినవాళ్లే అలారం మోగించారు. బ్యాటరీ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, డెక్‌కు ఒక్క బెజ్జమూ పడలేదు.

రెండోవాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. 1968-69లో సుహైలీ అనే చెక్క పడవలో ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టాడు. పలకల సందుల్లోంచి నీళ్లొస్తుంటే సముద్రంలో మునిగి బయటనుంచి బాగుచేసుకున్నాడు. రేడియో చెడిపోయింది, చుక్కాని దానంతటదే పట్టే పరికరం విరిగింది. పద్ధతి గల మనిషైతే ఈ లిస్టు చూసి యార్డులోనే ఇంకో రెండేళ్లు ఉండిపోయేవాడు.

ఇలాంటి చెడ్డ ఉదాహరణలు కొత్తతరం కళ్లబడకముందే కొన్ని నిబంధనలు తేవాలి. లిస్టులో కొట్టేసిన ప్రతి పనికీ కొత్తగా రెండు చేర్చినవారికే యార్డులో ఉండే అర్హత. ఆటోపైలట్‌ను యార్డులో పడవను నిలబెట్టే స్టాండ్ల మీదే పరీక్షించాలి, అక్కడైతే పడవ ఒక్క డిగ్రీ కూడా దారి తప్పదు. "ఈ వేసవికి దింపేస్తాం" అన్నవారిని, ముందు సీకాకు పిడి చేత్తో తిప్పి చూపించమనాలి. తిరగదు. దాంతో ఇంకో ఏడాది గడిచిపోతుంది. ఈ ప్రతిపాదనలకు యార్డు యజమానుల నుంచి అభ్యంతరం వస్తుందని నేననుకోను. స్టాండ్ల అద్దె నెలనెలా వాళ్లకే కట్టాలి.