పరాయి రంగు మనదే

గత ఆదివారం చెన్నై టీ నగర్‌లో మా మామగారింట్లో ఒక ఘోరం జరిగింది. పోలీసులకు చెప్పుకునేది కాదు, పేపరువాళ్ళు వేసేదీ కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

బ్రిడ్జి ఆడుతున్నాం. నా చేతిలో ఇస్పేట్లు అయిదు, రాజూ రాణీతో సహా. ఆటీన్లు అయిదు, ఆసుతో. కళావర్లు రెండు. డైమండు ఒకే ఒక్కటి, అదీ నాలుగు ముక్క. కుడిపక్కన కూర్చున్న కింది పోర్షన్ తమిళాయన ‘ఒక డైమండు’ అన్నారు. నేను గొంతు కూడా సవరించుకోకుండా (సవరించుకుంటే సైగ చేశానంటారు) ‘రెండు డైమండ్లు’ అన్నాను.

పేకాటంటే రమ్మీ ఒక్కటే అనుకునేవాళ్ళకి చిన్న వివరణ. బ్రిడ్జిలో అవతలివాళ్ళు ఫలానా రంగు మాదన్నాక మనమూ వెంటనే అదే రంగు పలికితే, ఆ రంగు మన దగ్గర ఉందని కాదు. లేదని. ఉన్నవి వేరే రెండు రంగులని, ఒక్కోటి అయిదేసి ముక్కలని. వాళ్ళు డైమండ్లో కళావర్లో అంటే మనవి ఇస్పేట్లు, ఆటీన్లు. వాళ్ళు ఆటీన్లంటే మనవి ఇస్పేట్లు, ఇంకో చిన్న రంగు. ఆ చిన్న రంగేదో కావాలంటే పార్ట్‌నరు మళ్ళీ అడిగి తెలుసుకోవాలి. మయామీ బీచ్‌లో ఉండిన మైక్ మైఖేల్స్ అనే ఆయన కనిపెట్టాడు గనక దీనికి మైఖేల్స్ క్యూబిడ్ (అవతలివాళ్ళ రంగు పలకటమే క్యూబిడ్) అని పేరు. ఆయన 1966లో పోయాడు. నా లెక్క అడగటానికి మనిషి లేడు.

ఎడమపక్కన మా బావమరిది పాస్ అన్నాడు. ఎదురుగా నా పార్ట్‌నరు మామగారు ముక్కలు ఒకసారి విప్పి, మూసి, కళ్ళజోడు తుడుచుకుని, ‘పాస్’ అన్నారు. తమిళాయన అంత సంతోషంగా పాస్ అన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

దాంతో డైమండ్లే తురుపై కూర్చున్నాయి. మా ఇద్దరికీ కలిపి తురుపులు నాలుగు. వాళ్ళకి తొమ్మిది. ఎనిమిది ట్రిక్కులు (పట్లు) తీస్తానని ఒప్పుకున్నవాణ్ణి మూడు తీశాను. వల్నరబుల్‌లో (ఓడితే జరిమానా ఎక్కువ పడే స్థితిలో) ఉన్నాం కనక ట్రిక్కుకి 100 చొప్పున 500 పోయింది. వాళ్ళు డబుల్ (ఓడితే నష్టం పెంచే సవాలు) కూడా చెయ్యలేదు, చేస్తే ఎక్కడ మేలుకుని పారిపోతామోనని. మామగారి చేతిలో నాలుగు ఇస్పేట్లు పరుచుకుని ఉన్నాయి. నాలుగు ఇస్పేట్లు ఆడి ఉంటే 620 వచ్చేది.

“నువ్వే గదయ్యా డైమండ్లన్నావు. నా దగ్గిర మూడుండాయి. ఇంకేం గావాల నీకు?” అన్నారు మామగారు. నెల్లూరు మనిషి. యాభై ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్నా నెల్లూరు మనిషే.

“బావా, డైమండ్ల మీద అంత మోజుంటే అక్కకి ఓ నెక్లెస్ కొనరాదూ, పనగల్ పార్కు ఇక్కడేగా” అన్నాడు బావమరిది. అల్లుడి గౌరవం మీద నాకు పెద్ద ఆశలెప్పుడూ లేవు. కానీ ఒక నిజం చెప్పి దాన్ని పోగొట్టుకోవటం ఎలా జరిగిందో మాత్రం విచారించాలి.

తప్పంతా ఆటది. ఒక మనిషికి రాగల చేతులు 63,501 కోట్లకు పైమాటే. వాటిని పార్ట్‌నరుకి చెప్పుకోవటానికి ఇచ్చిన మాటలు పదిహేను: ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగులు, నోట్రంపు (తురుపు లేని ఆట), పాస్, డబుల్, రీడబుల్. మా ఇంట్లో కూరలవాడితో బేరానికే ఇంతకంటే ఎక్కువ మాటలు కావాలి. ఇంత కరువులో అవతలివాళ్ళ రంగు పలకటమనే బిడ్డు ఒకటి దాదాపు ఖాళీగా పడి ఉండేది. పూర్వం దానికి ‘నా చెయ్యి భయంకరంగా ఉంది, గేమ్ (పెద్ద బహుమతి వచ్చే మెట్టు) దాకా ఆపకు’ అని అర్థం. అంత చెయ్యి ఎప్పుడో గాని రాదు. టీ నగర్‌లో పోర్షన్ ఖాళీగా ఉంటే ఎవరైనా ఊరుకుంటారా? అద్దెకిచ్చేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక్క వాకిలికి ఎన్ని కాపురాలో చూడండి. మైఖేల్స్ ముందుగదిలో దిగాడు. పార్ట్‌నరు ఆటీన్లని మొదలుపెట్టి, అవతలివాడు ఇస్పేట్లని అడ్డొస్తే, మనం రెండు ఇస్పేట్లంటే ‘నీ ఆటీన్లు నాకూ నచ్చాయి, పది పాయింట్లకి (పెద్ద ముక్కల విలువ) తక్కువ లేను’ అని. ఇది నడవలో ఉంటుంది. ఇంకాస్త లోపలికెళితే పడమటి క్యూ, తూర్పు క్యూ అని ఇద్దరున్నారు. పడమటి పద్ధతివాళ్ళు అవతలి రంగు పలికితే ‘దీన్ని ఆపే ముక్క నీ దగ్గర ఉందా? ఉంటే మూడు నోట్రంపు అను’ అని అడగటం. తూర్పు పద్ధతివాళ్ళు అదే పలికితే ‘ఆపే ముక్క నా దగ్గర ఉంది’ అని చెప్పటం. మాట ఒకటే. ఒకరికి ప్రశ్న, ఒకరికి జవాబు. మా గుంటూరు వైపు ‘చూద్దాం’ అంటే ఆ పని కాదని. మామగారు ‘చూద్దాం’ అంటే మర్నాడు పొద్దున అయిదింటికి వాకిట్లో ఆటో నిలబడి ఉంటుంది. పెళ్ళయిన మొదటి ఏడాది ఈ ఒక్క మాటతో నేను పడ్డ అవస్థ నాకే తెలుసు.

ఇక అవతలివాళ్ళు ప్రెసిషన్ అనే బిడ్డింగు పద్ధతి ఆడేవాళ్ళయితే వాళ్ళ ‘ఒక కళావరు’కి 16 పాయింట్లో ఆపైనో ఉన్నాయని అర్థం, కళావర్లతో నిమిత్తం లేదు. అప్పుడు మనం రెండు కళావర్లంటే? వాళ్ళది కాని దాన్ని మనది కాదనటమా, మనదే అనటమా? దీని మీద మొగుడూ పెళ్ళాలు పార్ట్‌నర్లుగా కూర్చోకపోవటం శ్రేయస్కరం.

ఈ విద్య అమెరికా వాళ్ళదని ఒప్పుకోవటానికి మాత్రం నా మనసు రాదు. ఆంధ్ర రాష్ట్రం అడిగిన రోజుల్లో ‘మదరాసు మనదే’ అన్నది ఎవరు? చరిత్రకారులు దాన్ని నినాదమంటారు. నేను క్యూబిడ్ అంటాను. మదరాసన్నామంటే మదరాసని కాదు, చేతిలో రెండు పొడుగు రంగులున్నాయని: ఒకటి సర్కారు జిల్లాలు, ఒకటి సీమ. ఆ పోరాటంలో ప్రాణం పెట్టినవాళ్ళ జోలికి నేను పోను, నా మాట బిడ్డింగు వరకే. చేతిలో ముక్కలు లేకనా? టీ నగర్‌లో ‘టీ’ త్యాగరాయ చెట్టిగారు, పార్కు పేరు పానగల్లు రాజాగారిది. ఇద్దరూ తెలుగువాళ్ళే. అవతలి రంగులో రాజూ రాణీ మన దగ్గరున్నట్టు. అవతలినించి ‘తల ఇచ్చయినా తలనగరం నిలుపుకుంటాం’ అని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానంగారు డబుల్ కొట్టారు. 1949లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి ముగ్గురూ కూర్చుని, మదరాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర అన్నారు. ఆ ముగ్గురిలో పట్టాభిగారు మన పార్ట్‌నరు. 1953 అక్టోబరు 1న కర్నూల్లో కాంట్రాక్టు మొదలుపెట్టాం. కనుక మామగారు చేసిన పనికి పెద్దల ఒరవడి ఉందని నేనూ గ్రహించాను.

అన్నిటికంటే క్రూరమైనది నిబంధన. నేను వేసిన బిడ్డుకి అర్థమేమిటని అవతలివాళ్ళు అడిగితే నేను చెప్పకూడదు, నా పార్ట్‌నరు చెప్పాలి. చాలాచోట్ల పోటీల్లోనయితే ఇది మామూలు బిడ్డు కాదని ‘అలర్ట్’ కార్డు చూపించాల్సిందీ ఆయనే. అంటే మర్చిపోయినవాడే గుర్తు చెయ్యాలి. నేను కనుబొమ్మ ఎగరేసినా నేరం. ఆ కార్డులు బ్రిడ్జి క్లబ్బుల్లో కంటే తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువ అవసరమని నా మనవి. ‘అబ్బే, మాకేమీ వద్దండీ, అమ్మాయినివ్వండి చాలు’ అని పెళ్ళికొడుకు తండ్రి అనగానే పక్కనున్న బంధువు కార్డు ఎత్తిపట్టాలి.

ఆట ముగిసేసరికి ఒంటిగంట దాటింది. తమిళాయన చెప్పులు వెతుక్కుంటున్నారు. వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు “భోంచేసి వెళ్ళండి అన్నయ్యగారూ” అన్నారు. మన కన్వెన్షన్‌లో దీనికి జవాబు ‘ఇప్పుడే టిఫినైందండీ’. ఇంకోసారి అనాలి, ఇంకోసారి వద్దనాలి, మూడోసారికి లిఫ్టు రావాలి. ఎవరూ కార్డు ఎత్తలేదు.

“సరేమ్మా” అని ఆయన చేతులు కడుక్కుని కూర్చున్నారు.

అత్తగారు అన్నం గిన్నె వైపు చూశారు, తర్వాత మామగారి వైపు చూశారు. మామగారు పాస్. తమిళాయన గోంగూర రెండోసారి వేయించుకుని, నెయ్యి అడిగి, చాలా బాగుందన్నారు. నాకూ బావమరిదికీ పెరుగన్నమే మిగిలింది. మధ్యలో మామగారు ముద్ద కలపటం ఆపి నా వైపు తిరిగారు.

“ఏమబ్బయ్యా, ఆ రెండు డైమండ్లు... ఇస్పేట్లు, ఆటీన్లనా నువ్వనింది?”